చెంగి మెడలో చిల్లి బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. పుట్టినప్పటి నుంచీ భయమే నాకు. యుద్ధం రోజుల్లో బజారులో చిల్లర మాయమైపోతే, గూడూరులో హోటలు నడిపే అల్లూరయ్య పగిలిన చెంబొకటి కంచరివాడికిచ్చి మమ్మల్ని కొట్టించాడు. నా మీద రాజు బొమ్మ లేదు. 'అ' అని ఒక్క అక్షరం ఉంది. సాయంత్రం తీగకు గుచ్చి దాచుకోవడానికని నడుమ చిల్లి కూడా వేయించాడు. ఆ హోటలు గడప దాటితే నేను ఎందుకూ కొరగాను. ఎవరు ఏ కాలవలో విసిరేస్తారోనని బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని.

ఒక ఉదయం మస్తానమ్మకు చిల్లరకు బదులు నన్నిచ్చాడు. అభ్రకం రేకులు ఒలిచే కూలిమనిషి ఆమె. చంకలో ఏడాది నిండని కూతురు చెంగి.

"రాజు బొమ్మ లేదే. దీన్నెవురు తీసుకుంటారయ్యా?"

"నా హోటల్లో నేనే రాజుని గదమ్మా. రేపు తీసకరా, ఇడ్లీ పెడతా."

ఇంటికెళ్ళి పిల్లను చాప మీద దించి, పక్కనే నన్ను పెట్టి, పొయ్యి ఊదడానికి అటు తిరిగింది. అంతే. పిల్లలకు ఏది దొరికినా నోట్లోకే కదా. తడి నాలుక మీద జారి గొంతులో అడ్డం పడ్డాను. వెనక్కి వద్దామంటే నాకు కాళ్ళా, చేతులా? పారేస్తారని భయపడినదాన్ని, ఇప్పుడొక ప్రాణం తీస్తానేమోనని వణికాను. నా చిల్లిలోంచి ఈల వేసినట్టు సన్నగా ఊపిరి వస్తూ పోతూ ఉంది. ఆ ఈల ఆగకూడదు, ఆగకూడదు అనుకున్నాను.

ఆ చప్పుడుకే మస్తానమ్మ తిరిగి చూసింది. చూసి, కొయ్యబారిపోయింది.

"నిలబడి చూస్తావేందిమే, బోర్లా వెయ్," అని వాకిట్లోంచి ఆమె అత్త అరిచింది.

మస్తానమ్మ పిల్లను ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. చొంగతో పాటు చాప మీద పడ్డాను. చెంగి గుక్కపట్టి ఏడ్చింది. అంత చక్కని ఏడుపు నేనెన్నడూ వినలేదు.

సంగతి తెలిసి అల్లూరయ్య మీసం దువ్వాడు. "నేను చిల్లి ఏయించబట్టే గదా పిల్ల బతికింది."

"నువ్వు చిల్లర ఇచ్చుంటే మింగేదే కాదు గదయ్యా," అంది మస్తానమ్మ.

నన్ను అతని మొహానే కొట్టి వచ్చేద్దామనుకుంది. అత్త ఒప్పుకోలేదు. "ఊపిరి నిలబెట్టిన బిళ్ళమే. రక్ష," అని నల్లదారానికి గుచ్చి పిల్ల మెడలో కట్టింది.

తర్వాత కొన్ని నెలలకే చిల్లర తిరిగొచ్చింది. నా తోడబుట్టినవన్నీ కరిగి మళ్ళీ చెంబయ్యాయని విన్నాను. నన్ను మాత్రం చూసినవాళ్ళంతా కళ్ళకద్దుకుంటున్నారు. మస్తానమ్మ అద్దుకోదు. పొయ్యి ఊదుతూ ఊదుతూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటుంది.

ఆమెకూ నాకూ ఒకటే భయం. చెంగికి పళ్ళొస్తున్నాయి. పొద్దస్తమానం నన్ను నోటికెత్తుకుని, ఆ దారాన్నే కొరుకుతోంది.