సగం పువ్వు

అది 1998. కట్టంగూరులో రేడియోలు బాగుచేసే లతీఫ్ పాత ప్రింటర్ల మోటార్లకు ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తగిలించి, దానంతట అదే చెక్క చెక్కే యంత్రాన్ని ముందు గదిలో తయారుచేశాడు. ఏడాదిగా అది చెక్కిందీ లేదు, గది ఖాళీ అయిందీ లేదు.

"ఇయ్యాల పువ్వు చెక్కిందా, సరే. లేకుంటే గీ జాగాల నా మేకలను కట్టేస్త," అంది తల్లి అజీజా బేగం.

"జర చూడు అమ్మీ!" అని లతీఫ్ మీట నొక్కాడు. యంత్రం గుర్రుమంది. టేకు పలక మీద రేకులు ఒక్కొక్కటే తేలాయి. అజీజా బేగం నోరు తెరిచి చూస్తుండగానే కరెంటు పోయింది.

ఆ ఊళ్లో కరెంటు కోత వేళ వారం వారం మారుతుంది. ఈ వారం నుంచి పొద్దుటి కోత మొదలైందని మేకలకు కూడా తెలుసు. లతీఫ్‌కే గుర్తులేదు.

"మళ్ల మొదటి నుంచి చెక్కాల్నా?"

"అవునమ్మీ. యాడ ఆగిందో దానికి యాదుండదు."

"అచ్చం నీ లెక్కనే."

ఆమె పలకను తడిమింది. రేకుల అంచులు నున్నగా తగిలాయి. నవ్వు ఆగలేదు.

"సగం పువ్వు చెక్కింది. సగం జాగా దానికి, సగం నా మేకలకు. పో, తోలుకరా."

మేకలను తోలుకొచ్చే ముందు లతీఫ్ వైర్లన్నీ మేకలకు అందనంత ఎత్తున కట్టాడు.