రేపు పగలాల్సిన గుడ్లు

రేపు తెల్లవారేసరికి పదివేల గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. ఆ పిల్లలను కొనేవాడేమో సరిహద్దుకు అవతల ఉండిపోయాడు. పొద్దుటినుంచీ ఆ ఇంటి కోడలు ఫోను చేతిలోంచి దించలేదు.

దేశం పొరుగు దేశాల కూటమినుంచి విడిపోయి ఇంకా ఏడాది తిరగలేదు. గుడ్లు పొదిగించే వాళ్ల హేచరీలో పుట్టిన కోడిపిల్లలన్నీ అవతలి దేశపు ఫారాలకే పోయేవి. పుట్టిన పిల్లకు పొట్టలో మిగిలిన పచ్చసొనే రెండు మూడు రోజుల తిండి. ఈలోగా లారీ ఎక్కించి అవతలి కొట్టంలో దింపెయ్యాలి. మునుపు సరిహద్దంటే రోడ్డు పక్కన ఒక బోర్డు, అంతే. ఇప్పుడక్కడ గేటుంది. గేటుకో అధికారి, అధికారికో రూలు.

ఆ గేటు దగ్గర నిన్నటినుంచీ పడిగాపులు కాస్తున్న భర్త ఫోను చేశాడు.

"పిల్లల్ని ఐదు రోజులు మన దగ్గరే ఉంచాలంట. రోగం లేదని డాక్టరు సంతకం పెడితేనే గేటు తీస్తారంట."

"ఐదు రోజులు ఎక్కడ ఉంచుతామండీ? మనకి కొట్టముందా, మేతుందా?"

"అధికారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. షెడ్డు కట్టుకోండి అన్నాడు."

ఇల్లు కాలుతుంటే బావి తవ్వుకోమన్నట్టే ఉంది. పైగా మేత రావలసిందీ అవతలినుంచే. దానిమీద కొత్త సుంకం పడ్డాక కోడికంటే మేతే ప్రియమైంది.

"మరేం చెయ్యమంటారు?"

"గుడ్లు పగలకముందే పొదిగే మిషను ఆపెయ్యి," అన్నాడు చివరికి. "పుట్టి ఆకలికి చచ్చేకంటే అదే నయం."

ఆ మాట పక్కనే కూర్చున్న మామగారి చెవిన పడింది. హేచరీ పెట్టింది ఆయనే. విడిపోవాలా వద్దా అని ఓట్లు పెట్టినప్పుడు జెండా పట్టుకుని "ఉమ్మడి కాపురం చాలు, మన పొయ్యి మనం వెలిగించుకుందాం" అని గొంతు పోయేలా అరిచిందీ ఆయనే. "మన పిల్లల్ని కొనేది వాళ్లే కదా మామయ్యా" అని కోడలు అడిగితే, "గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట!" అని నలుగురిలో నవ్వేశాడు. ఆమె నోరు మూసుకుంది. మూసుకోకుండా ఉండాల్సింది.

"ఇప్పుడే ఆపకమ్మా," అన్నాడాయన చెప్పులు వేసుకుంటూ. "సాయంత్రందాకా చూడు. పిల్లల్ని ఊళ్లో పంచేద్దాం. ఊరికే ఇస్తే ఎవరు కాదంటారు?"

ఆమె ఆగింది. అదే తప్పయింది. పెద్దాయన కోసం తను ఆగగలదు గానీ, గుడ్డులోని పిల్లకు ఆగడం తెలియదు కదా.

మధ్యాహ్నం, పిల్లలను పెట్టెలకెత్తే ఆడవాళ్లను రేపు రావద్దంది. "ఎల్లుండి రమ్మంటారా అమ్మా?" అని అడిగారు. ఆమె చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

పొద్దు వాలాక మామగారు తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"పిల్లలు సరే, మేతెవరిస్తారని అడిగారమ్మా. చెప్పులు కుట్టించేవాడైతే, తన తోలు కూడా గేటు దగ్గరే కుళ్లుతోందట, పిల్లల్ని తీసుకుంటాను, తోలు నువ్వు తీసుకో అన్నాడు."

"తిట్టారా?"

"తిట్టినా బాగుండును. అందరూ నాతోపాటు ఓటేసినవాళ్లే." ఆయన తల ఎత్తలేదు. "నువ్వే ఆపమ్మా. నాకు చెయ్యి రాదు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. జెండా పట్టుకోవడానికి వచ్చిన చెయ్యి దీనికి రాదా అని అడిగేద్దామనుకుంది. అడిగితే మాత్రం ఏమొస్తుంది? లేచి యంత్రాల గదిలోకి నడిచింది. వేడి మీట దించింది. పంకాల మీట కూడా దించింది. హోరు మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది.

అప్పుడు వినబడింది. పైనుంచి కిందిదాకా ప్రతి అరలోంచీ, పెంకుల లోపలినుంచి, పిల్లల అరుపులు. ఇన్నేళ్లలో ఆ గదిలో పంకాలు ఆగడం ఆమె ఎరగదు. తలుపు తీసి చూస్తే అప్పటికే కొన్ని పెంకులు నెర్రెలిచ్చాయి. ఒక చిల్లులోంచి చిన్న ముక్కు బయటికి పొడుచుకొచ్చి, తెరుచుకుని మూసుకుంటోంది.

"బతికే ఉన్నాయే!" అన్నాడు మామగారు వెనకనుంచి.

"తెలుసు మామయ్యా."

"ఇలా ఎంతసేపు?"

"వీటికి సొంత వేడి ఉంటుంది. తెల్లారేదాకా అరుస్తాయేమో."

ఆయన రెండు చెవులూ మూసుకుని, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెకూ ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు. కళ్లు తుడుచుకుంటూనే గోడ దగ్గరికి వెళ్లింది. వేడి మీట జోలికి పోలేదు. పంకాలు మాత్రం వేసింది.

హోరు లేచింది. ఇక అరుపులు వినబడలేదు. ఆమె మామగారి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి తలుపు వేసింది.