మైనం పళ్లు

పళ్ల డాక్టరు గది వెనక, ఒక్క కిటికీ మాత్రమే ఉన్న గదిలో అతను కట్టుడు పళ్లు చేసేవాడు. వీధిలో అందరికీ పళ్లాయనే. అతనికీ ఒక పేరుందన్న సంగతి ఇంట్లోవాళ్లకూ, చర్చిలోవాళ్లకూ తప్ప ఎవరికీ పట్టేది కాదు. ఎదురుపడితే చాలామంది నోరు విప్పకుండా నవ్వి తప్పుకునేవాళ్లు, తమ పళ్లకు ఎక్కడ మార్కులు వేస్తాడోనని. నిజం చెప్పాలంటే వేసేవాడు కూడాను.

బల్ల మీద ప్లాస్టరు దవడలు, ఒక స్పిరిటు దీపం, మైనం పలకలు ఉండేవి. పని మొదలుపెట్టే ముందు చేతులు కడుక్కుని కాసేపు కళ్లు మూసుకునేవాడు. ఆ రోజు ఎవరి నోరు బల్ల మీద ఉంటే వాళ్ల కోసం ప్రార్థన. ఈ ముసలావిడ మళ్లీ జామకాయ కొరకాలి ప్రభువా, అంతే. పెద్ద పెద్ద మాటలు అతనికి రావు. ఆ ఇంట్లో పెద్ద మాటలన్నీ వాళ్ల నాన్న వాటాకే వెళ్లాయి.

నాన్న చర్చికి బోధకుడు. ఊరందరూ అయ్యగారనేవాళ్లు. కొడుకు పుట్టిన రోజే, వీణ్ణి నీ సేవకు ఇచ్చేశానని దేవుడికి మాట ఇచ్చేశారు. వాడినొక మాట అడగాలి కదా అంటే, అడిగితే చెప్పే వయసు కాదాయె. తీరా పెరిగాక వాడు నలుగురి ముందు నిలబడితే నాలుక మడతపడేది. చేతులు మాత్రం చెప్పిన మాట వినేవి. ఆ చేతులు అతన్ని ఈ బల్ల దగ్గరికి తెచ్చాయి.

అయ్యగారి దృష్టిలో సేవ అంటే వాక్యం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల పక్కన మోకరించడం. మిగిలిందంతా పొట్టకూటి పని. అలాగని కొడుకును పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా పిల్లల గురించి అడిగితే, "అమ్మాయి, అల్లుడు సేవ చేస్తున్నారు. అబ్బాయి ఉద్యోగం చేసుకుంటున్నాడు" అనేవారు. చేస్తున్నారుకీ చేసుకుంటున్నాడుకీ ఉన్న తేడా అక్కడ ఇంకెవరికీ వినిపించేది కాదు. కొడుక్కి వినిపించేది. తన పనిని కూడా నాన్న నోట ఒక్కసారి సేవ అనిపించుకోవాలని అతని ఆశ. నడి వయసు వచ్చినా ఆ ఆశ చావలేదు, పాపం.

చిగుళ్ల జబ్బుతో అయ్యగారి పళ్లు ఒక్కొక్కటే ఊడి, చివరివి డాక్టరు తీసేశాక, వాటితోపాటు 'స' కూడా పోయింది. పళ్లు లేని నోట్లో అది నిలవక 'హ' అయిపోతుంది. ఒక ఆదివారం ఆయన లేచి "యేహు ప్రభువా" అని ప్రార్థన ఎత్తుకున్నారు. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. పిల్లలన్నాక నవ్వరా మరి. ఆయన ప్రార్థన ముగించి కూర్చున్నారు. ఆ తర్వాత ప్రసంగానికి లేవలేదు. ఎప్పుడే కష్టమొచ్చినా పంటిబిగువున ఓర్చుకున్న మనిషి, ఇప్పుడు బిగించడానికి పళ్లే లేక గదిలో తలుపేసుకుని కూర్చునేవారు.

కొడుకును అడగడానికి మొహం చెల్లలేదు. చివరికి వేరే ఉంటున్న కొడుకు దగ్గరికి అమ్మే వచ్చి, ఆయనంతట ఆయన అడగరు, నువ్వే పిలవరా అని చెప్పి వెళ్లింది. పిలిచాడు. చెప్పులు బయట విడిచి, చర్చిలోకి వచ్చినట్టు వచ్చి కూర్చున్నారు అయ్యగారు. అచ్చు తీసుకోవడానికి నాన్న గడ్డం పట్టుకున్నాడు. ఊహ తెలిశాక ఆ మొహాన్ని అతను ముట్టుకోవడం అదే మొదలు.

పళ్లను ముందు మైనంలో గుచ్చి నోట్లో పెట్టి చూస్తారు. కాటు కుదిరి, మాట తేటగా వస్తేనే మైనం తీసేసి దాని చోట గట్టి ప్లాస్టిక్ చిగురు పోస్తారు. అందరి చేతా సీసా అనో సూది అనో పలికిస్తాడు. మైనం పళ్లు పెట్టి చూసిన రోజు నాన్నను ఏం పలకమనాలో తోచక నిలబడ్డాడు. అయ్యగారే పలికారు.

"యేసు."

ఇంకోసారి అన్నారు. కళ్లు తుడుచుకుని మళ్లీ అన్నారు. అక్షరం చెక్కుచెదరలేదు. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, ఈ ఆదివారం ఇవే పెట్టుకుని నిలబడతాను" అన్నారు.

మైనం నోటి వేడికి మెత్తబడిపోతుందని అతను నచ్చజెప్పాడు. పైగా ఎడమ పక్క కాటు కాస్త ఎత్తుగా ఉంది. అలాగే పోసేస్తే ఆదివారానికి అందుతాయి, తర్వాత అరగదీసుకోవచ్చు, చాలామంది చేసేది అదే అని డాక్టరు అన్నాడు. అతను ఒప్పుకోలేదు. చిగురు ఒరుసుకుని పుండు పడుతుందన్నాడు. సగం పని దేవుడి ముందు పెట్టకూడదని చిన్నప్పటినుంచి అతనికి నూరిపోసింది ఎవరనుకున్నారు, ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషే.

"పై ఆదివారానికి ఇచ్చేస్తాను నాన్నా. మీరు ఎంతసేపు మాట్లాడినా నొప్పి ఉండదు."

అయ్యగారు పళ్లు తీసి కొడుకు అరచేతిలో పెట్టారు. ఆ చేతిని కాసేపు చూశారు. "హాయంత్రం ఇంటికి రా. మీ అమ్మ రమ్మంటోంది" అన్నారు బోసినోటితో.

ఆ సాయంత్రం అతను వెళ్లలేదు. ఎడమ పక్క సరిచేస్తూ బల్ల దగ్గరే ఉండిపోయాడు. తర్వాతి రోజులూ పని ఏదో ఒకటి ఉంటూనే ఉంది. ఆ ఆదివారం వెళ్లిపోయింది. పై ఆదివారం ఇంకా రాలేదు. పళ్లకు ఆఖరి మెరుగు పెడుతుంటే అక్క ఫోను చేసింది. నాన్న కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారని చెప్పింది.

ఇంటికి వెళ్లేసరికి నాన్నను మంచం మీద పడుకోబెట్టారు. అందరినీ కాసేపు బయట ఉండమన్నాడు. జేబులోంచి పళ్లు తీశాడు. బిగుసుకుపోతున్న దవడను మెల్లగా తెరిచి, పైవి, తర్వాత కిందివి పెట్టాడు. లోపలికి పోయిన బుగ్గలు నిండాయి. పెదవులు వాటి చోటికి అవి వచ్చాయి. ప్రసంగానికి లేవబోయే ముందు ఉండే మొహం వచ్చేసింది. ఎడమ పక్క వేలితో తడిమి చూశాడు. ఎక్కడా ఎత్తు లేదు. ఆ పని కోసమే కదా ఒక ఆదివారం ఆపాను అనుకున్నాడు, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

అమ్మ లోపలికి వచ్చి ఆ మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ దగ్గరినుంచి వచ్చిన రోజు మహా హుషారుగా ఉన్నార్రా. వాడిది హేవే, వాడిది కూడా హేవే అని ఒకటే గొడవ. ఈ మధ్య ఆయన మాటలు నాకు సగం తెలిసేవి కావు కదా. జావ అడుగుతున్నారనుకుని కాచి ఇచ్చాను. కాదు కాదని చెయ్యి ఊపారు. నాకు అర్థం కాలేదు. ఇంక చెప్పలేక తాగేశారు. వాడొస్తాడుగా, వాడికి తెలుస్తుందిలే అన్నారు. నువ్వు రాలేదు."

కొడుకు తలెత్తాడు. బోసినోళ్ల మధ్యే బతుకుతున్నవాడు, ఆ మాట ఏమిటో అతనికి విడమరిచి చెప్పక్కర్లేదు.

"అది జావ కాదమ్మా" అన్నాడు. "సేవ."

అమ్మ చెవికి సరిగ్గా ఆనలేదేమో, ఏమిటీ అని అడిగింది. అతను మళ్లీ చెప్పబోయాడు. వెక్కిళ్లలో ఈసారి అతనికే 'స' పలకలేదు.