దాటేసిన అధ్యాయం

నవల అన్న మాట వింటేనే హెడ్‌మాస్టరుకు చిరాకు. పాఠ్యపుస్తకాలే సగం మందికి అందని బడిలో నవలలేమిటమ్మా అని నాలుగో తరగతి టీచరును ఏడాదంతా తన గది చుట్టూ తిప్పించుకున్నాడు. ఆవిడ మాత్రం పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. తెలిసినవాళ్ళ గుమ్మాలన్నీ తొక్కి, ఒకే ఒక్క నవల సంపాదించింది. అట్ట ఊడిందిగానీ కథ మాత్రం పిల్లల్ని కట్టిపడేసేది. పడవలో రేవు రేవుకీ సామాన్లు చేరవేసే ఓ అమ్మ, ఆమె ఇద్దరు కూతుళ్ళు. ఆఖరి పీరియడులో చదివి వినిపించుకో అని పెద్దాయన చివరికి దిగొచ్చాడు. ఏ ఇంటినుంచైనా ఒక్క ఫిర్యాదు వస్తే మాత్రం చదువుడు బంద్ అన్నాడు.

మొదటి వారంలోనే క్లాసు తీరు మారిపోయింది. గంట కొట్టగానే తోసుకుంటూ పరుగెత్తే గుంపు, ఇంకొక్క పేజీ టీచర్ అంటూ బల్లలకు అతుక్కుపోయేది. అందరికంటే ఎక్కువ మారింది గువ్వ. చిన్న మనిషి, చిన్న గొంతు, అందుకే క్లాసంతా పెట్టుకున్న పేరది. నిరుడు తల్లి పోయింది. అప్పట్నించీ ఆ పిల్ల పుస్తకం తెరిస్తే ఒట్టు. అలాంటిది వెనక బల్ల వదిలి, టీచరు పక్కన చేరి, చదువుతున్న అక్షరాల వెంట వేలు జరుపుతూ కూర్చునేది. టీచరుకు ఆనందం పట్టలేదు.

ఆ ఆనందమే కొంప ముంచింది. నవల మధ్యలో తుఫాను వచ్చి పడవ అమ్మ చనిపోతుంది. ఆ అధ్యాయం ముందుగా చూసుకున్న టీచరు గతుక్కుమంది. గువ్వ ముఖం చూస్తూ ఇది చదవడమెలా? పిల్ల మళ్ళీ వెనక బల్లకు పోతే? వాళ్ళ నాన్న వచ్చి కేకలేస్తే, హెడ్‌మాస్టరు అన్నంత పనీ చెయ్యడూ? పోనీ మొత్తం ఆపేద్దామంటే పిల్లలు ఊరుకోరు. ఏం చేస్తుంది పాపం, ఆ అధ్యాయం గుట్టుగా దాటేసి, అమ్మకు దూరపు రేవులో పని దొరికిందనీ, త్వరలోనే తిరిగొస్తుందనీ చెప్పేసింది. అందులో జాలి ఎంతో పిరికితనమూ అంతే. ఇక అక్కణ్ణించి చదవడం సగం, కల్పించడం సగం. కథలో అక్కాచెల్లెళ్ళు ఏడ్చిన చోటల్లా ఆవిడకు దగ్గు తెర వచ్చేది.

శనివారం గువ్వ వచ్చి పుస్తకం ఇంటికిమ్మంది. అమ్మ ఎప్పుడొస్తుందో చూసుకుంటానంది. పుస్తకం ముట్టని పిల్ల నోరు తెరిచి అడిగితే ఏ టీచరు కాదంటుంది? మురిసిపోయి చేతిలో పెట్టేసింది. ఇంటికెళ్ళి కూర తరుగుతుంటే గాని దాటేసిన అధ్యాయం గుర్తుకు రాలేదు. అయినా కూడబలుక్కుని చదివే పిల్ల అంతదూరం ఎక్కడ చదువుతుందిలే అని సర్దిచెప్పుకుంది. తను చదువు చెప్పిన పిల్ల మీద తనకే అంత నమ్మకం మరి!

సోమవారం గువ్వ అందరికంటే ముందే వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"చివర్నించి వెతికాను టీచర్. అమ్మ ఎక్కడా లేదు. తుఫాను దగ్గరే ఆగిపోయింది."

నువ్వు బాధపడతావనే అలా చెప్పానమ్మా అని టీచరు ఎలాగో గొణిగింది.

"మా ఇంట్లోనూ అలాగే చెప్పారు," అంది గువ్వ. "ఆస్పత్రినుంచి వచ్చేస్తుందన్నారు. నేను రోజూ గుమ్మంలో కూర్చునేదాన్ని. అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు."

కోప్పడి అన్నా బాగుండేది. పిల్ల మామూలుగా చెప్పింది. టీచరుకు తల కొట్టేసినట్టయింది. దగ్గరకు తీసుకోబోతే గువ్వ చేతికందకుండా వెనక్కి జరిగింది. ఇంత కష్టపడి బడిలోకి తెచ్చిన పుస్తకంతోనే ఈ పిల్లను పోగొట్టుకున్నానా అని ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ అలా చెయ్యనంది. నువ్వు వద్దంటే ఈ పుస్తకం ఇక క్లాసులో తెరవనే తెరవనంది.

గువ్వ తలుపు వైపు చూసింది. మిగతా పిల్లలు వస్తున్నారు. మెట్ల దగ్గర్నించే వాళ్ళ వాదులాట వినబడుతోంది. పడవ అమ్మ ఇవాళే వస్తుందని ఒకడు పందెం కాస్తుంటే, కాదు రేపని ఇంకొకతె కొట్టిపారేస్తోంది.

"తెరవండి టీచర్," అంది గువ్వ. "వాళ్ళింకా ఎదురుచూస్తున్నారు."