గింజ జారిన పొద్దు

మా ఇళ్ళల్లో కొండతేనెకు దిగే మగవాడి తాడు బామ్మర్దే పట్టాలి. అన్న పట్టకూడదు, తమ్ముడు పట్టకూడదు, కన్నతండ్రి వచ్చి నిలబడినా చేతికి ఇవ్వరు. అన్నదమ్ములన్నాక పొలం గట్టు దగ్గర ఎప్పుడో ఒకప్పుడు కోపాలుంటాయి. బామ్మర్ది తాడు వదిలితే మాత్రం సొంత అక్కే ముండమోస్తుంది, అందుకని వదలడు. ఈ మాట చెబితే పట్నంవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. గద్దలగుట్ట అంచున ఒక్కసారి నిలబడి కిందికి చూస్తే ఆ నవ్వు ఎటు పోతుందో నాకు తెలుసు.

నా పేరు జానమ్మ. మాది దేవరకొండ పక్కన గొర్రెల మీద బతికే ఊరు. నా మొగుడు మల్లప్ప దిగేవాడు, నా తమ్ముడు ఎల్లేశం తాడు పట్టేవాడు. చలికాలంలో తెల్లవారగానే తేనెటీగలు మొద్దుబారి ఉంటాయి, అప్పుడు దిగితే కుట్టవు. అందుకని మల్లప్పకు చలి ఎంత ఉంటే అంత సంబరం. కానీ చలి మరీ ముదిరితే పైన తాడు పట్టినవాడి వేళ్ళు పనిచేయవు. కేక వేస్తే ఈగలు లేస్తాయి కనక మాటలన్నీ తాడుతోనే. కిందినుంచి ఒకసారి గుంజితే వదలాలి, రెండుసార్లు గుంజితే ఆపాలి, మూడుసార్లయితే పైకి లాగాలి. ఆ గుంజుడు పైవాడి వేళ్ళకు తెలియకపోతే కిందివాడు పోయినట్టే. అందుకే ఈ చలిలో దిగొచ్చా లేదా అన్నది దిగేవాడు చెప్పడు, పట్టేవాడు చెబుతాడు.

దానికీ ఒక పద్ధతి ఉంది. ఎల్లేశం రెండు అరచేతులూ బండకు ఆనించి, చలి ఎముకకు ఎక్కేదాకా ఉంచి, ఆ తర్వాత బండ మీద వేసిన జొన్నగింజను రెండు వేళ్ళతో తీసేవాడు. గింజ చేతికి వస్తే దిగొచ్చు. జారితే ఆ పూట ఇంటికే.

"గిదేం చలిరా? ముసలోని లెక్క వణుకుతున్నవ్," అని మల్లప్ప గొణిగేవాడు.

"నీకేం బావా, పోతే పోతవ్. అక్క ముండమోసి మూలకు గూసుంటే నాకు సద్ది ఎవరు గడ్తరు?" అనేవాడు ఎల్లేశం.

ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ గుట్ట దిగి వచ్చేవాళ్ళు. గింజ జారిన రోజు మల్లప్ప ఒక్కనాడు కూడా దిగలేదు.

రజాకార్లు ఊళ్ళు తగలబెడుతున్న కాలంలో ఎల్లేశం సంగం దళంలో కలిశాడు. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, ఇక పీడ విరగడయిందని మేమంతా సంబరపడ్డాం. మా సంబరం మా మొహాన్నే కొట్టారు. సంక్రాంతి కూడా రాకముందే ఆ సైన్యమే మా సంగపోళ్ళ కోసం గుట్టలన్నీ గాలించడం మొదలుపెట్టింది. దొర గుమాస్తా దశరథం నిన్నటిదాకా రజాకార్లకు కోళ్ళు మోసినవాడు. వాడే ఇప్పుడు నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని సైన్యం జీపులోంచి దిగాడు. వాడి పాడెగట్ట, ఆ టోపీ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

పుష్యమాసంలో ఎల్లేశానికి పిక్కలో తుపాకీ గుండు దిగింది. నడవలేడు. మల్లప్ప వాణ్ణి తాడు కట్టి గద్దలగుట్ట నడుములో ఉన్న గుహలోకి దించాడు. అంతకుముందు అక్కడ తేనెపట్లు ఉండేవి. ఆ గుహ ముందు బండ పెదవిలా పొడుచుకొచ్చి ఉంటుంది, లోపల పడుకున్న మనిషి పైనుంచీ కనపడడు, కిందినుంచీ కనపడడు. తలుపులాంటి ఆ బండే వాడికి కాపలా. రొట్టె, నీళ్ళ బుర్ర, నా గొంగడి తాడుతోనే దించేవాళ్ళం.

గుట్టెక్కి తాడుతో సద్దిమూట దించుతున్న మల్లప్పను దశరథం చూశాడు. మరునాడు తెల్లవారేసరికి ఇల్లు చుట్టుముట్టారు. మా ఇద్దరినీ గుట్ట మీదికి ఈడ్చుకుపోయారు. కింద లోయలో కొందరు సిపాయిలు తుపాకులు ఎక్కుపెట్టి బండకేసి కూర్చున్నారు. పైన ఆఫీసరు, ఆయన చేతులకు ఉన్ని తొడుగులు. ఆయన మాట మాకు తెలియదు, దశరథమే చెప్పాడు.

"మల్లప్పా, నువ్వు దిగి వాణ్ని తాడుకు గట్టాలె. ప్రాణంతోని అప్పజెప్తే జైలుకు పంపుతరంట. లేకుంటే పైనుంచి బాంబులేస్తరు."

"పొద్దెక్కనియ్యిండ్రి," అన్నాడు మల్లప్ప. "బండంత మంచు గూసున్నది. ఇప్పుడు దిగేది గాదు. అయినా గది నేను జెప్పేది గాదు, తాడు పట్టేటోడు జెప్పాలె."

"తాడు పట్టేటోడు గుహల పండిండు గదా!" దశరథం పకపకా నవ్వాడు. "సరే, వాని అక్క ఉన్నది. గామెనే చెప్పుమను."

నేను మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులు బండకు ఆనించాను. ఉన్నమాట చెబుతాను, వద్దనే చెప్పాలని ముందే అనుకున్నాను. పొద్దెక్కేలోపు ఏదైనా జరగకపోతుందా, ఒకరు దక్కితే ఇంకొకరు పోయే ఈ గండం తప్పకపోతుందా అని నా ఆశ. మొగుణ్ణి దించి తమ్ముణ్ణి పట్టివ్వమంటే ఏ ఆడదాని నోట సరే అని వస్తుంది? కొంగున మూటలో అంటుకున్న జొన్నగింజ ఒకటి బండ మీద వేశాను. పట్టుకున్నాను, జారింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. వేళ్ళు నావి కానట్టే ఉన్నాయి. అబద్ధం ఆడాల్సిన పనే లేకపోయింది.

"ఇయ్యాల గాదు. గింజ జారింది," అన్నాను.

ఆఫీసరు వంగాడు. తొడుగు తీసి, వెచ్చటి వేళ్ళతో గింజను టక్కున తీసి, నా మొహం ముందు పెట్టి చూపించి, ఊది పారేశాడు.

"సార్ చేతికొచ్చింది నీ చేతికెందుకు రాదే? తమ్ముని కోసం నాటకాలా?" అన్నాడు దశరథం.

"గా తొడుగులు ఇడిసి జరసేపు బండ మీద చెయ్యి వెట్టుమను నీ సార్ను! గప్పుడు తెలుస్తది!" అని అరిచాను. "గట్లయితే తాడు నేను పడ్త. నా చేతికియ్యిండ్రి."

ఇవ్వలేదు. ఆడది, పైగా దొంగకు అక్క. తాడు ముగ్గురు సిపాయిల చేతికిచ్చారు, ముగ్గురికీ ఉన్ని తొడుగులే. అవి తీయండని చేతులతో సైగ చేసి చూపించాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

మల్లప్ప నడుముకు ముడి బిగించుకున్నాడు. నా వంక చూసి, "ఏడ్వకు. తాడు మీద కన్నేసి ఉంచు," అని దిగిపోయాడు.

తాడు అంచు మీదుగా పోతూ ఉంది, మంచుకు తడిసి నల్లగా ఉంది. కొంతసేపటికి రెండుసార్లు అదిరింది.

"ఆపుండ్రి! ఆపుమంటున్నడు!"

వాళ్ళకు నా మాట తెలియదు, తొడుగుల్లోంచి తాడు మాట అసలే తెలియదు. వదులుతూనే ఉన్నారు. మళ్ళీ రెండుసార్లు అదిరింది. వెంటనే బరువు ఒక్కసారిగా పడింది, తడి తాడు ఉన్ని మీద సర్రున జారింది. ముందున్న సిపాయి వెల్లకిలా పడ్డాడు. తాడు పాములా అంచు దాటి పోతూ ఉంటే నేను దాని మీద పడ్డాను. అరచేతుల తోలు లేచిపోయింది, అది ఆగలేదు.

తర్వాత దానంతట అదే ఆగింది. పైన పట్టినవాళ్ళెవరూ లేరు. కొస బండకు కట్టే ఉంది, అంచు దగ్గర మాత్రం వదులుగా పడి ఉంది. తాడు తెగితే ఇట్లాగే ఉంటుంది.

వదులంతా లాక్కున్నాను. బిగువు తగిలిందో లేదో వేళ్ళకు తెలియడం లేదు. తాడును పళ్ళ మధ్య పెట్టి కరిచాను. పళ్ళకు తెలిసింది. కిందినుంచి రెండుసార్లు. ఆపు, ఆపు. ఎవరో ఉన్నారు, పట్టుకుని ఉన్నారు. తాడును బండకు మెలేసి నా ఒళ్ళంతా వెనక్కి వాల్చాను. అప్పుడే కింద తుపాకులు పేలాయి. ఆగి ఆగి పేలాయి. ఆ చప్పుడంతా పోయాక, చాలాసేపటికి, మూడుసార్లు గుంజారు.

అందరం లాగాం. వచ్చేది మొగుడో తమ్ముడో నాకు తెలియదు. ముందు మల్లప్ప తల కనపడింది. అతని వీపున, నా గొంగడిలో కట్టి, ఎల్లేశం ఉన్నాడు. ఊపిరి లేదు.

మల్లప్ప తర్వాత చెప్పాడు. గుహ దాటి కిందికి జారిపోతున్నాడట. లోపల భద్రంగా పడుకున్న ఎల్లేశం సగం ఒంటితో బయటికొచ్చి, ముందు నుంచి పోతున్న తాడును రెండు చేతులా పట్టి, ముంజేతికి చుట్టి, దెబ్బతిన్న కాలినే బండకు తన్నిపెట్టాడట. "బావా, కాలు వెట్టు, కాలు వెట్టు," అంటూనే ఉన్నాడట. కింద వాళ్ళు కాలుస్తూనే ఉన్నారు. మల్లప్ప ఎగబాకి, కాలు గుహ అంచున నిలిచేదాకా వాడు తాడు వదలలేదు. నిలిచాక కూడా వదలలేదు, అప్పటికే పోయాడు.

ఆఫీసరు ఏదో అన్నాడు. దశరథం నా వైపు తిరిగాడు. "చలి చలి అన్నరు, పని అయింది గదా అంటున్నడు సార్."

"మీరు ఇడిసిన తాడు వాడు పట్టిండు! గది చెప్పు నీ సార్కు! చెప్పురా!"

దశరథం టోపీ సర్దుకుని గుట్ట దిగిపోయాడు.

గుట్ట కిందే పూడ్చమన్నారు. నీళ్ళు పోసేటప్పుడు వాడి పిడికిళ్ళు విడలేదు, అటూ ఇటూ తాడు కోసి, చేతిలో ముక్కతోనే పెట్టాం. తోబుట్టువు పోయినప్పుడు మొహాన బొట్టేమిటి, తుడుచుకోవే అంది మా పెద్దమ్మ గుర్వమ్మ. "వాడు నిలవెట్టిన బొట్టు వాని ముంగటనే తుడువాల్నా?" అని గుట్ట మారుమోగేటట్టు ఏడ్చాను.

మల్లప్ప మళ్ళీ తేనెకు దిగలేదు. ముసలితనం దాకా నాతోనే ఉన్నాడు. నేను రోజూ పొద్దున్నే బొట్టు పెట్టుకునేదాన్ని, పెట్టుకున్నప్పుడల్లా కడుపు మండేది. పుష్యమాసంలో వేళ్ళు మొద్దుబారి, వేలు నుదుటికి ఆనిందో లేదో కూడా తెలిసేది కాదు. అయినా పెట్టుకునేదాన్ని.