గువ్వలగట్టు వెండి తీగ

గువ్వలగట్టు పేరెత్తితే చాలు, రాజమండ్రి ఆఫీసులో అందరికీ నవ్వొచ్చేది. రూబీకి మాత్రం ఒళ్లు మండేది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని పక్క సీటు సురేష్‌బాబు క్యాంటీన్లో నలుగురి ముందూ అన్నప్పుడు, చేతిలో ఉన్న టీ అతని నెత్తిన కుమ్మరించాలనిపించింది. జియాలజిస్టుగా చేరిన నాటి నుంచి ఆమె పట్టుకు వేలాడుతున్న కొండ అది.

పట్టిసీమ దాటి లాంచీలో పైకి వెళ్లి, దిగాక ఇంకో పూట నడిస్తే గాని ఆ గట్టు రాదు. ముప్పై ఏళ్ల కిందట అక్కడ బోర్లు వేసి, సీసం, జింకు, వాటితో కలిసి కాస్త వెండి ఉన్నాయని తేల్చారు. తర్వాత డబ్బుల్లేవంటూ వదిలేశారు. ఆ పాత బోర్లలో ఒకదానిలో మాత్రం నల్లగా మెరిసే ఖనిజం తీగ మంచి మందంతో తగిలిందని రాశారు. రూబీ ఆ మందాన్ని నమ్ముకుని, పైవాళ్ల కాళ్లావేళ్లా పడి, పక్కనే కొత్త బోరు వేయించింది. తీరా చూస్తే అందులో తగిలినవి రెండు సన్నపు తీగలు. వాటి మధ్య ఎందుకూ కొరగాని తెల్లరాయి.

ఇంకొక్క బోరు వేస్తే అసలు తీగ దొరుకుతుందని ఆమె వాదన. పాత బోరులో తీగ నిజంగా అంత మందం ఉందని రేపటి మీటింగులోగా చూపించు, లేదంటే గువ్వలగట్టును మర్చిపో అని పై అధికారి మురళీకృష్ణగారు తేల్చి చెప్పేశారు. అందుకే ఆదివారమని కూడా చూడకుండా, చర్చి నుంచి నేరుగా ఊరి చివరి గోడౌనుకు వచ్చింది. బోర్లలోంచి తీసిన రాతికడ్డీలను వరసగా పెట్టెల్లో పేర్చి అక్కడే దాచారు.

గోడౌను వాచ్‌మన్ జీవరాజు రామచంద్రపురం వైపు మనిషి. వయసులో ఉండగా ఆ గట్టు మీద బోరు పనికి కూలీగా వెళ్లినవాడే.

"నెమ్మదమ్మా, పెట్టె అడుగున చెదలు పట్టింది" అని అతను అంటూనే ఉన్నాడు, రూబీ లాగనే లాగింది. అడుగు చెక్క ఊడి, కడ్డీలన్నీ నేల మీద దొర్లాయి.

"అయిపోయింది! ఇదొక్కటే తక్కువైంది నాకు!" అని అరిచింది రూబీ. మందపాటి తీగ ఉన్న ఆ పెట్టె తప్ప ఇంకే పెట్టె పడినా ఆమె పట్టించుకునేది కాదు.

"కంగారెందుకమ్మా? అప్పుడు పేర్చింది నేనే, ఇప్పుడూ పేరుస్తాను. విరిగిన చోట ముక్కకి ముక్క అతుకుద్ది కదండీ" అన్నాడు జీవరాజు.

ఖాళీ పెట్టె ఒకటి తెచ్చి ముందేసుకుని కూర్చున్నాడు. పెట్టెకు ఐదు వరసలు. మొదటి వరస ఎడమ నుంచి కుడికి పేర్చాడు. కుడి చివర నల్ల ఖనిజం వచ్చింది. రూబీ ఫోనులో ఆ పెట్టె పాత ఫొటో తెరిచి సరిచూసుకుంది. అచ్చం అలాగే ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ రెండో వరసకు వచ్చేసరికి అతను కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసాగాడు.

"అదేంటండీ, అటు నుంచి పెడుతున్నారు?"

"చాలు తిప్పాలి కదమ్మా."

"ఏం చాలు?"

"నాగటి చాలమ్మా. చివరికొచ్చాక ఎద్దుల్ని అక్కడే తిప్పుకుంటాం గానీ, ఉత్త నాగలితో మళ్లీ మొదటికి తోలుకొస్తామా ఎక్కడన్నా? ఆ కొండ మీద కూలోళ్లమంతా వరిచేలల్లోంచి పోయినోళ్లమే. అందరం ఇలాగే పేర్చాం. ఎవరూ కాదనలేదు."

ఎలా కాదంటారు? లోతు రాసేది పెట్టె మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే. ఐదు వరసలు కాబట్టి, ఎలా పేర్చినా ఆఖరి ముక్క కుడి మూలకే చేరుతుంది. కూలీలు చేను దున్నినట్టు పేర్చారు. లెక్క రాయడానికి పై నుంచి వచ్చిన పెద్దమనిషి ప్రతి వరసనూ ఎడమ నుంచి కుడికి, పుస్తకం చదివినట్టు చదువుకుని పోయాడు.

జీవరాజు చెయ్యి రెండో వరస ఎడమ చివరికి చేరింది. అక్కడ మళ్లీ నల్ల ఖనిజం. పుస్తకంలా చదివితే మొదటి వరస చివరిదీ, రెండో వరస మొదటిదీ కలిసి ఒకే మందపాటి తీగ. చాలు తిప్పి చదివితే రెండు సన్నపు తీగలు, నడుమ వరస పొడుగునా తెల్లరాయి. కొత్త బోరు మొత్తుకున్నదీ అదే.

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. రెండు నల్ల ముక్కలూ తీసి కలిపి చూసింది. అతకలేదు. తిప్పి చూసింది, తిరగేసి చూసింది. ససేమిరా అన్నాయి. రెండో వరస కుడి చివరి తెల్లముక్క తెచ్చి మొదటి నల్లముక్క పక్కన పెడితే మాత్రం విరిగిన పలకలా అతుక్కుంది.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద అరవాలి? దున్నడం తెలిసినవాడు దున్నినట్టే పేర్చాడు. ఇన్నేళ్లుగా ఆ తీగ గురించి తెగ రాసినవాళ్లలో ఒక్కరికీ, తనకు కూడా, రెండు ముక్కలు దగ్గర పెట్టి చూడాలని తట్టలేదు.

ఫోను మోగింది. మురళీకృష్ణగారు.

"ఫొటో పంపుతానన్నావు, ఏదమ్మా? ఆ మందం కనిపిస్తే బోరు సంగతి నేను మాట్లాడతాలే."

రూబీ పెట్టె వైపు చూసింది. జీవరాజు పేర్చింది పేర్చినట్టు ఫొటో తీస్తే, పాత ఫొటోకి అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఇక ఎవరూ అడగరు. బోరు వస్తుంది. సురేష్‌బాబు నోరు మూతపడుతుంది, కనీసం ఈ ఏడాదికి.

"పంపుతానండీ, కాసేపాగండి" అని ఫోను పెట్టేసింది.

"జీవరాజుగారూ, రెండో వరస తీసెయ్యండి. ఎడమ నుంచి పేర్చండి, చదివే వరసలో."

"అలా పెడితే నల్లరాయంతా కుడి పక్కకే అయిపోద్దమ్మా. చూడటానికి ఇదే బాగుంది."

"బాగానే ఉంది" అంది రూబీ. అతను ఇంకా ఆలోచిస్తుండగానే నేల మీద చతికిలబడి, కుడి చివరి తెల్లముక్కను తనే తీసి ఎడమ చివర పెట్టింది.