రెండు నిమిషాల నీరసం

డాక్టరు తొమ్మిది నోటుపుస్తకాలను బల్ల మీద పేకముక్కల్లా పరిచి, అందులో ఒకటి ఆమె వైపు తిప్పాడు.

"ఈ ఎర్రసిరా ఎవరిది?"

"నాదే," అంది ఆమె.

ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. కామా ఒకటి పక్కకు జరిగితే అన్నం సహించని మనిషని అక్కడ అందరూ ఆమెను 'కామాగారు' అంటారు. మూర్ఛ చిన్నప్పటి నుంచీ ఉంది. పడిపోయే పెద్ద మూర్ఛలు ఏడాదికి రెండో మూడో. లేచేసరికి నాలుక తెగి ఉంటుంది కాబట్టి అవి ఆమెకు తెలుస్తాయి. కూర్చున్నచోటే వచ్చిపోయే చిన్నవి మాత్రం తెలియవు. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి ఉండదు. అందుకే ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టే పని తల్లిది. ఆసుపత్రికి వచ్చేముందు ఆ పుస్తకం తిరగేసి తల్లి రాతలో తప్పులు దిద్దడం కూతురికి అలవాటు.

"అమ్మగారు 'నీరశం' అని రాశారు. మీరు 'శ' కొట్టేసి 'స' పెట్టారు. వారానికి నాలుగైదు చోట్ల, తొమ్మిదేళ్ళ పాటు," అన్నాడు డాక్టరు. "మొన్న మందు తగ్గించి మిమ్మల్ని ఐదు రోజులు కెమెరా ముందు ఉంచితే పదకొండు మూర్ఛలు కనిపించాయి. ఇంట్లో వీటినే నీరసం అంటామని అమ్మగారు చెప్పారు."

గోడవారగా కూర్చున్న తల్లి చేతిసంచి జిప్పు వేస్తూ, తీస్తూ ఉంది.

"మరి ఇన్నేళ్ళూ మీరేమనుకున్నారు?" డాక్టరును అడిగింది ఆమె.

"మందు ఎక్కువై నీరసం వస్తోందనుకున్నాం. నాకు ముందు చూసినాయన రెండుసార్లు మోతాదు తగ్గించాడు. నేనూ ఒకసారి తగ్గించాను." తల దించుకోకుండా చెప్పాడు. ఆ పొద్దంతటిలో ఆమెకు నచ్చింది అదొక్కటే.

ఇక ఇది మందులకు లొంగదన్నాడు. ఎడమ కణత లోపల మచ్చ ఉంది, తీసేస్తే పదిమందిలో ఆరేడుగురికి మూర్ఛలు ఆగిపోతాయి. అయితే మెదడులో మాటల చోటు దానికి పక్కిల్లే. పదిమందిలో ముగ్గురికి పేర్లు తట్టడం మందగిస్తుంది. వస్తువు తెలుస్తుంది, దాని వాడకం తెలుస్తుంది, పేరు మాత్రం నోటికి రాదు.

"మీ బతుకు మాటలతో కాబట్టి బాగా ఆలోచించుకోండి," అంటూ ఒప్పుకోలు కాగితం చేతికిచ్చాడు. "సోమవారంలోగా సంతకం పెట్టి ఇవ్వండి."

కారు నడుపుతున్న తమ్ముడు వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "అంత పుస్తకంలో ఒక్క పేజీ చింపుతారక్కా. దానికింత రాద్ధాంతమా?"

"ఏ పేజీయో నువ్వు చెప్తావా? రోడ్డు చూసి నడుపు."

"తలలో కత్తి పెట్టడమేమిటమ్మా," అంది తల్లి వెనకసీటు నుంచి. "రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటే పోయేదానికి."

"ఎవరు కళ్ళు మూసుకుంటే?"

తమ్ముడు వాళ్ళను వాకిట్లో దింపి, డ్యూటీ ఉందని తప్పించుకున్నాడు. ఆమె సంచి కూడా దించకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మూర్ఛ అన్న మాట ఎందుకు రాయలేదు?"

తల్లి పొయ్యి వెలిగించబోయి ఆగింది. "ఒకసారి రాశాను. నీకు ఏడేళ్ళప్పుడు, పిల్లకు జబ్బులేమైనా ఉన్నాయా అని బడివాళ్ళు కాగితమిస్తే. మర్నాడే నిన్ను ఆఖరి బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టారు. నెల తిరక్కుండా ఇంటికి పంపేశారు. ఆ తర్వాత నా చెయ్యి ఆ మాట రాయలేదు."

"బడికి అబద్ధం చెప్పు. వీధికి చెప్పు. డాక్టరుకు చెప్తావా?"

"అబద్ధమనుకుని రాయలేదే. అనీ అనీ నాకూ అది నీరసమే అయిపోయింది."

ఆ జవాబులో కపటం లేదని తెలిసి ఆమెకు ఒళ్ళు ఇంకా మండింది. కపటమైతే నాలుగు తిట్టి చేతులు దులుపుకోవచ్చు. అచ్చాఫీసులో కొత్తవాళ్ళకు ఆమె చెప్పే మొదటి పాఠం ఒకటుంది: అర్థం తేడాగా ఉంటే నువ్వు మార్చకు, అంచులో ప్రశ్నార్థకం పెట్టి రాసినవాళ్ళకు పంపు. వారానికి నాలుగుసార్లు, గడియారం పెట్టుకున్నట్టు రెండేసి నిమిషాలు వచ్చిపోయే నీరసం ఎక్కడైనా ఉంటుందా? తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్క ప్రశ్నార్థకం పెట్టలేదు. తల్లి దాచింది, సరే. తనకు మాత్రం తెలుసుకోవాలని ఉందా? 'స' దిద్దే ఆ చెయ్యి అసలు తప్పుకు తగలకుండా పక్కనుంచి పోవడం ఎప్పుడో నేర్చుకుంది. తల్లి రాసిన అబద్ధాన్ని తను తప్పుల్లేకుండా అచ్చుకిచ్చింది.

"ఆ రెండు నిమిషాలూ నేనేం చేస్తాను? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఇప్పుడెందుకవన్నీ."

"చెప్పమంటున్నానా."

తల్లి పొయ్యి వైపు తిరిగే చెప్పింది. "ఏదో నములుతున్నట్టు పెదవులు కదుపుతావు. ఎడంచేత్తో గుండీ నలుపుతావు. పిలిస్తే పలకవు. అది తగ్గుతుండగా నన్ను చూసి, మీరెవరండీ అంటావు."

"అండీయా?"

"ఎంత మర్యాదో. మీ ఇంట్లోకి ఎలా వచ్చానండీ, ఏమనుకోకండీ అంటావు. మొదట్లో అమ్మనే అనేదాన్ని. కాదని భయపడి ఏడ్చేదానివి. అందుకని ఇంటావిడనని చెప్పడం మొదలెట్టా. కాసేపు కూర్చోండి అంటే కూర్చుంటావు." తల్లి ముక్కు తుడుచుకుంది. "ఇంటావిడ దగ్గర నువ్వు భలే బుద్ధిమంతురాలివి. ఈ పొగరంతా అమ్మ దగ్గరే."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపం రెండింతలైంది. పేర్లు పోతాయేమోనని పొద్దుటి నుంచీ గుండె చేత్తో పట్టుకుని తిరుగుతోంది. అన్నిటికంటే ముందు నేర్చిన పేరే వారానికి నాలుగైదుసార్లు పోతోందని తల్లికి తెలుసు, తనకే తెలియదు. పేర్లు తట్టని ఆ ముగ్గురిలో తనూ ఒకతె కావచ్చు. కుర్చీ పోవచ్చు, కిటికీ పోవచ్చు. ఆ భయం ఆవగింజంత కూడా తగ్గలేదు. అయినా, తను లేనప్పుడు తనేం చేసిందో ఇంకొకరి రాతలో చదువుకుంటూ బతకడం ఇక ఆమె వల్ల కాదు.

కాగితం తీసి బల్ల మీద పెట్టి సంతకం చేసింది. దాని కింద 'సాక్షి' అని ఇంకో గీత ఉంది.

"ఇక్కడ నువ్వు పెట్టు."

"తమ్ముడు పెడతాడులే."

"వాడేం చూశాడని? చూసినదానివి నువ్వు."

"ఆపరేషనయి కళ్ళు తెరిచాక నువ్వు నన్ను 'మీరు' అంటే?"

"అమ్మనని చెప్పు. ఏడిస్తే ఏడవనీ."

తల్లి తడిచేతులు తుడుచుకుంటూ ఆమె ముఖంలోకి చూసింది. "నా మీద కోపం పోలేదు కదూ?"

"పోలేదు. కూర్చో, నిలబడి రాస్తే అక్షరం వంకరపోతుంది."

తల్లి కుర్చీ లాక్కుంది.